తీగలో పారేదేమిటి?

పదో తరగతి పిల్లలకు కరెంటు పాఠం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ట్యాంకు, గొట్టం, కుళాయి బొమ్మ గీసి, వోల్టేజీ అంటే నీటి ఒత్తిడి లాంటిదని చెబుతూ మొదలుపెట్టాలా? లేక ఆవేశం అంటే ఏమిటి, రెండు ఆవేశాలు ఒకదాన్నొకటి ఎందుకు లాగుతాయి, ఎందుకు నెడతాయి అన్న దగ్గర్నుంచి రావాలా? ఈ ఒక్క ప్రశ్న మీద ఇద్దరు పట్టుబట్టి వాదించుకున్నారు. మామయ్య విద్యుత్ శాఖలో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి. కొత్తగా చేరిన కుర్రాళ్లెందరినో స్తంభం కింద నిలబెట్టి పాఠం చెప్పినవాడు. మేనకోడలు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ టీచరు. నా మొగ్గు మేనకోడలి వైపే, దాచను. అయితే మామయ్య ఆమెను ఒకచోట నిలదీసిన తీరు నన్నూ ఆలోచనలో పడేసింది. దాన్ని తగ్గించి రాయలేదు.

మామయ్య: ట్యాంకు బొమ్మ క్లాసులో వెయ్యనన్నావటగా. ఎందుకమ్మా? ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో నీళ్లు అంత జోరుగా వస్తాయి, అది వోల్టేజీ. గొట్టంలోంచి నిమిషానికి ఎన్ని లీటర్లు పోతున్నాయో అది కరెంటు. గొట్టం సన్నదైతే తక్కువ పోతాయి, అది రెసిస్టెన్సు. ఈ మూడు ముక్కలతో ఎంతమంది కుర్రాళ్లను పనిలోకి దించానో నాకు తెలుసు. పుస్తకంలో సూత్రం చూసి బెదిరిపోయినవాడు కూడా గొట్టం అనగానే తలాడించేవాడు.

మేనకోడలు: ఓమ్ నియమం దాకా మీ బొమ్మతో నాకు పేచీ లేదు మామయ్యా. ఒత్తిడి పెరిగితే ప్రవాహం పెరుగుతుంది, అడ్డు పెరిగితే తగ్గుతుంది. బాగానే ఉంది. ఆ తర్వాత పిల్లలు వేసే మొదటి ప్రశ్నకే అది చేతులెత్తేస్తుంది. గొట్టం తెగితే నీళ్లు కారిపోతాయి. తీగ తెగితే కరెంటు కారదే, ఆగిపోతుందే! ఎందుకని?

మామయ్య: చుట్టూ గాలి ఉంది. గాలి బంధకం. తెగిన చోట బిరడా కొట్టినట్టే అనుకోమను.

మేనకోడలు: గాలి తీసేసి శూన్యంలో పెట్టినా కారదు. బిరడా ఏదీ లేదు, అయినా ఎలక్ట్రాన్ బయటికి రాదు. అది రాగిని వదిలి కాస్త జరగబోయేసరికి, వెనకాల ఎలక్ట్రాన్ కొరవడిన రాగి ధనావేశంతో మిగులుతుంది. ఆ ధనావేశం దాన్ని పట్టి వెనక్కి లాగేస్తుంది. కారిపోయే నీటిని అలా వెనక్కి లాక్కునే శక్తి ఏ గొట్టానికీ లేదు. విద్యుత్తులో జరిగే ప్రతి పనికీ ఆ లాగుడూ నెట్టుడే మూలం. మీ బొమ్మలో లేనిది సరిగ్గా అదే.

మామయ్య: లాగుడు లేదని నేనన్నానా? దువ్వెనతో తల దువ్వుకుని కాగితం ముక్కల దగ్గర పెడితే లేస్తాయి. చిన్న క్లాసు పిల్లాడికీ తెలుసు. దాని బలమెంత? కాగితం ముక్క లేచేంత. మా రైతు మోటారు ఐదు హార్స్‌పవరు. ఈ రెండింటికీ పొంతన ఏది?

మేనకోడలు: కాగితం ముక్కంతే కనబడుతోందంటే ఆ బలం చిన్నదని కాదు. ఆవేశాలు దాదాపు పూర్తిగా సరితూగి ఉండటం వల్ల బయటికి తెలియడం లేదు. ఒక గ్రాము రాగి తీసుకోండి. అందులోని ఎలక్ట్రాన్లన్నిటి ఆవేశం కలిపితే సుమారు 44 వేల కూలుంబులు. కేంద్రకాల్లో సరిగ్గా అంతే ధనావేశం ఉంది కాబట్టి ఆ గ్రాము రాగి మీ అరచేతిలో ఏమీ ఎరగనట్టు పడి ఉంటుంది. మీ దువ్వెన మీద మిగులుగా చేరేది కూలుంబులో కోటో వంతు, అంతకన్నా తక్కువ. ఇప్పుడు కూలుంబ్ 1785లో సన్నని తీగ మెలితిరగడాన్ని కొలిచి తేల్చిన నియమం ప్రకారం లెక్క వేద్దాం. ఒక్కో కూలుంబ్ చొప్పున రెండు ఆవేశాలను మీటరు దూరంలో ఉంచితే వాటి మధ్య బలం 900 కోట్ల న్యూటన్లు. దాదాపు 9 లక్షల టన్నుల బరువు. దూరం రెట్టింపయితే నాలుగో వంతు, మూడింతలయితే తొమ్మిదో వంతు. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కీ ఎలక్ట్రాన్‌కీ మధ్య ఉన్న ఈ బలం వాటి గురుత్వాకర్షణకు ఎన్ని రెట్లో తెలుసా? 2 రాసి పక్కన 39 సున్నాలు పెట్టినన్ని రెట్లు.

మామయ్య: ఉండు. సెకనుకు ఒక కూలుంబ్ పోతే ఒక ఆంపియర్ అని మీరే చెప్తారు. మన ఇస్త్రీపెట్టె నాలుగు ఆంపియర్లు లాగుతుంది. సెకనుకు నాలుగు కూలుంబులు పోతుంటే, నువ్వు చెప్పిన 9 లక్షల టన్నుల లెక్కన ఆ వైరు ముక్కలైపోవాలి. అవట్లేదే?

మేనకోడలు: ఈ ప్రశ్న మా పిల్లలు ఒక్కరు అడిగినా నాకు ఆ రోజు పండగే. ఒక కూలుంబ్‌లో ఎలక్ట్రాన్లు 62,400 కోట్ల కోట్లు. అన్ని ఒకవైపునుంచి వచ్చినా, ఆ క్షణానే అన్నీ అటువైపు వెళ్లిపోతాయి. తీగలో రాగి కేంద్రకాలు ఎప్పట్లాగే ఉన్నాయి. కాబట్టి ఏ ముక్క చూసినా ధనావేశం, రుణావేశం సమానమే. ఆవేశం అందులోంచి పోతుంది, పోగుపడదు. బలం బయటపడేది పోగుపడ్డప్పుడే.

మామయ్య: చూశావా! పోతుంది, పోగుపడదు. గొట్టంలో నీళ్లూ అంతే. ఇటు ఎన్ని లీటర్లు పోతే అటు అన్ని లీటర్లు. నా బొమ్మే నీ నోటితో చెప్పావు.

మేనకోడలు: గొట్టం ఉబ్బకుండా ఆపేది గొట్టం గోడ. తీగలో ఆ పని ఎవరు చేస్తున్నారన్నది తేలాలి. కాసేపాగి చెప్తాను. ముందు మీ బొమ్మ వయసు చెప్పనివ్వండి. అది మీరు కనిపెట్టింది కాదు. 18వ శతాబ్దంలో మహామహులంతా విద్యుత్తును ద్రవమనే అనుకున్నారు. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అది తాడు వెంట వందల అడుగులు పోతుందని చూపించాడు. ఫ్రాన్సులో డుఫే 1733లో విద్యుత్తు రెండు రకాలన్నాడు. ఒకే రకానివి నెట్టుకుంటాయి, వేర్వేరు రకాలవి లాక్కుంటాయి. ద్రవమైతే సీసాలో పట్టొచ్చు కదా అని నీళ్లు పోసిన గాజుసీసాలోకి దింపారు. 1745, 46ల నాటి లైడెన్ జాడీ అదే. పట్టుకున్నవాడికి ఒళ్లు ఝల్లుమంది. తీరా ఫ్రాంక్లిన్ పరీక్షించి చూస్తే ఆ సరుకు నీళ్లలో లేదు, గాజుగోడకు అటూ ఇటూ ఉంది. నీళ్లు తీసేసి లోపలా బయటా లోహపు రేకు అంటించినా జాడీ అలాగే పనిచేస్తుంది. ధనావేశం ఒకవైపు, రుణావేశం మరోవైపు చేరి, మధ్యలో గాజు అడ్డమున్నా ఒకదాన్నొకటి పట్టి ఉంచుతున్నాయి.

మామయ్య: ఆ ఫ్రాంక్లినే ఒకటే ద్రవం, ఎక్కువైతే ప్లస్సు, తక్కువైతే మైనస్సు అన్నాడు. ఆ ఊహతోనే పిడుగును కడ్డీ మీదుగా భూమిలోకి దించాడు. తప్పు బొమ్మే అయితే అన్ని మేడలు ఎలా నిలబడ్డాయి?

(మామయ్య మాటను తోసెయ్యలేం. ఓమ్ 1827లో తన నియమాన్ని ప్రకటించినప్పుడు, లోహంలో వేడి ఎలా ప్రవహిస్తుందో ఫోరియర్ చెప్పిన గణితమే ఆయనకు ఆదర్శం. ప్రవాహమనే ఊహ శాస్త్రాన్ని చాలా దూరం నడిపించింది. ఎక్కడిదాకా నడిపించిందన్నదే ఇప్పటి తగవు.)

మేనకోడలు: మేడలు నిలబడ్డాయి, బాణం గుర్తు తిరగబడింది. ప్లస్సు నుంచి మైనస్సుకు కరెంటు పోతుందని ఆయన నాటి లెక్కతో ఇప్పటికీ గీస్తున్నాం. 1897లో థామ్సన్ ఎలక్ట్రాన్‌ను పట్టేసరికి అది రుణావేశం. తీగలో కదిలేది అదే కాబట్టి అసలు కదలిక బాణానికి ఎదురు. పోనీ బాణం సంగతి వదిలేద్దాం. మీ ఇన్వర్టరు బ్యాటరీ ఉంది. అందులో యాసిడ్ నీళ్లలో ధనావేశపు అయాన్లు ఒకవైపు, రుణావేశపు అయాన్లు దానికి ఎదురుగా, రెండూ ఒకేసారి కదులుతాయి. రెండూ కలిసే కరెంటు. ఒకే గొట్టంలో ఒకేసారి రెండు దిక్కులా పారే నీళ్లు ఎక్కడైనా ఉన్నాయా?

మామయ్య: బ్యాటరీ పొట్టలోది లైన్‌మన్‌కెందుకు? తీగ దగ్గరే ఉందాం.

మేనకోడలు: అలాగే. స్విచ్ వెయ్యగానే లైటు వెలుగుతుంది. తీగలో ఎలక్ట్రాన్ ఎంత జోరుగా పోతుందంటారు?

మామయ్య: కాంతి అంత వేగం కాకపోయినా దాని దరిదాపుల్లో ఉండాలి.

మేనకోడలు: 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరులో 10 ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. ఘనమీటరు రాగిలో కదలగలిగే ఎలక్ట్రాన్లు ఎన్నో తెలుసు, ఒక్కోదాని ఆవేశం తెలుసు. భాగిస్తే ఎలక్ట్రాన్లు మొత్తం మీద ముందుకు జరిగే వేగం, అంటే అపసర వేగం, సెకనుకు 0.3 మిల్లీమీటర్లు. గంటకు మీటరు పైచిలుకు. నత్త కూడా దాటిపోతుంది. ఆ ఎలక్ట్రాన్లు ఊరికే ఉన్నాయని కాదు, అటూ ఇటూ సెకనుకు 1,500 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తుతూనే ఉంటాయి. కరెంటు లేనప్పుడూ అంతే. కాకపోతే అన్ని దిక్కులా సమానంగా పరుగెత్తడం వల్ల మొత్తం మీద ఎటూ పోవు. వోల్టేజీ పెట్టినప్పుడు ఆ గందరగోళం మీద ఒకవైపుకు వచ్చే చిన్న మొగ్గే కరెంటు.

మామయ్య: దీనికి నా దగ్గర జవాబుంది. గొట్టం ముందే నిండి ఉంటే ఇటు వాల్వు తిప్పగానే అటు కొసన నీళ్లు వస్తాయి. ట్యాంకులో చుక్క అక్కడిదాకా నడిచి రానక్కర్లేదు.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను. అక్కడ మీ బొమ్మ నిజమే చెబుతోంది. నీళ్లలో ఒత్తిడి వార్త సెకనుకు దాదాపు కిలోమీటరున్నర పోతుంది, తీగ వెంట ఈ వార్త కాంతి వేగానికి దగ్గరగా పోతుంది. అయితే మన ఇంటికొచ్చేది ఏసీ. సెకనుకు 50 సార్లు అటూ ఇటూ. అదే వైరులో అదే 10 ఆంపియర్లకు లెక్క వేస్తే, ఎలక్ట్రాన్ తానున్న చోటునుంచి ఒక పక్కకు జరిగేది మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త ఎక్కువ. అంతలో వెనక్కి వచ్చేస్తుంది. శ్రీశైలంలో జనరేటరు చుట్టలో ఉన్న ఎలక్ట్రాన్ శ్రీశైలంలోనే ఉంటుంది. మీ ఫ్యానులోది మీ ఫ్యానులోనే ఉంటుంది. గొట్టంలో నీళ్లు వెంట్రుకలో పదోవంతు కూడా జరగకుండా ఊగుతుంటే ఏ తోట తడుస్తుంది?

మామయ్య: మరి మనం నెల నెలా బిల్లు కట్టేది దేనికి?

మేనకోడలు: శక్తికి. ఆవేశానికి కాదు. ఆవేశాన్ని డిస్కం మనకు ఒక్క పిసరు కూడా అమ్మదు, ఫేజులో వచ్చిందంతా న్యూట్రల్‌లో తిరిగి లెక్క సరిపోతుంది. మీ వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌నే చూడండి. అటు 11 కేవీ చుట్ట, ఇటు 433 వోల్టుల చుట్ట. మధ్యలో కాగితం, నూనె. ఈ చుట్టలోంచి ఆ చుట్టలోకి ఎలక్ట్రాన్ పోయిందంటే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినట్టే. మీ గొట్టం అక్కడ పూర్తిగా తెగిపోయింది. అయినా అటునుంచి ఇటు వందల కిలోవాట్లు వస్తున్నాయి. 1831లో ఫారడే ఇనపకడియానికి రెండు వేర్వేరు చుట్టలు చుట్టి కనిపెట్టింది ఇదే.

మామయ్య: ట్రాన్స్‌ఫార్మర్ వేరే సంగతి. అది అయస్కాంతం పని అని కుర్రాళ్లకు విడిగా చెప్పేవాణ్ణి. లైను మీద మాత్రం గొట్టమే.

మేనకోడలు: అయితే లైను మీదే అడుగుతాను, మీ పని గురించే. ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, తీసుకున్నారు. లైనును విడదీసే ఏబీ స్విచ్ లాగేశారు. లైను రెండు చివర్లా తెగింది. అంటే రెండు వైపులా వాల్వు కట్టేసిన గొట్టం. స్తంభం ఎక్కేముందు ఏం చేస్తారు?

మామయ్య: డిశ్చార్జ్ రాడ్లు తగిలిస్తాం. పనిచేసే చోటుకు అటూ ఇటూ ఎర్త్ చేస్తాం. లైన్లో మిగిలిపోయిన కరెంటేదైనా ఉంటే భూమిలోకి పోతుంది.

మేనకోడలు: మిగిలిపోయింది ఒక్కసారి తగిలిస్తే పోతుంది. వాల్వులు కట్టేసిన గొట్టంలో మిగిలిన నీళ్లు ఒంపేశాక ఇంక ఖాళీయే. అప్పుడు రాడ్లు తీసేసి ఎక్కొచ్చుగా?

మామయ్య: ఆ మాటే అనకు. పని పూర్తయి ఆఖరి మనిషి కిందికి దిగేదాకా రాడ్లు లైను మీదే ఉండాలి. పక్కన ఇంకో లైను నడుస్తున్నప్పుడు మరీనూ. ఒకసారి ఎర్త్ చేశాంగా అని రాడ్డు తీసేసి ఎక్కినవాడొకడు నడుంబెల్టుకు వేలాడుతుంటే మేమే కిందికి దించాం. ప్రాణం దక్కింది.

మేనకోడలు: రెండు చివర్లా తెగిన లైను. ఒకసారి ఒంపేసిన లైను. అందులోకి మళ్లీ ఎక్కణ్ణుంచి వచ్చింది మామయ్యా?

మామయ్య: పక్క లైన్నుంచి. ఇండక్షన్ అంటాం.

మేనకోడలు: పక్క లైనుకూ దీనికీ మధ్య ఏముంది?

మామయ్య: గాలే.

మేనకోడలు: గాలి దాటి వచ్చింది బలం. నడుస్తున్న లైను మీది ఆవేశం సెకనుకు 50 మార్లు ప్లస్సుగా, మైనస్సుగా మారుతూ, దూరంనుంచే ఈ చచ్చిన లైనులోని ఎలక్ట్రాన్లను లాగుతూ నెడుతూ ఉంటుంది. ఈ లైను భూమికి తగిలి లేకపోతే అది వోల్టేజీగా నిలబడుతుంది, మనిషి ముట్టుకుంటే అతని ఒంట్లోంచి దారి దొరుకుతుంది. అంతేకాదు, పక్క లైన్లో కరెంటు మారినకొద్దీ దాని అయస్కాంత క్షేత్రం మారి ఈ తీగ పొడవునా ఇంకొంత వోల్టేజీ పుట్టిస్తుంది. ఒక చివర ఎర్త్ చేస్తే చాలకపోవడానికి అదొక కారణం. మీరు చేసే పద్ధతి నూటికి నూరుపాళ్లు సరైనది. మీరు చెప్పే కారణమే సరిగ్గా లేదు. మిగిలిపోయిందని చెబితే, మిగిలింది పోయాక రాడ్డెందుకని ఎవడో ఒకడు అనుకుంటాడు. ఆ రోజు వేలాడినవాడు పాఠం వినక ఎక్కలేదు. విన్న పాఠాన్ని నమ్మే ఎక్కాడు.

(ఈ వాదమంతట్లో నాకు అతి ముఖ్యమైన చోటు ఇది. పోలిక తప్పయితే పరీక్షలో ఒక మార్కు పోతుందని మనం అనుకుంటాం. ఈ పోలికను నమ్మి లైను ముట్టుకునేవాళ్లు ఉన్నారు. ఆవేశం దూరాన్నుంచి, ఖాళీ జాగాలోంచి బలం చూపుతుందన్న ఒక్క మాట పదో తరగతిలోనే గట్టిగా నాటుకుంటే, స్తంభం ఎక్కే కుర్రాడికి రాడ్డు ఎందుకో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే తెలుస్తుంది.)

మామయ్య: ఆ మాట గట్టిగానే తగిలిందమ్మా. నీకు పనికొచ్చేది ఇంకొకటి నేనే చెప్తాను. 400 కేవీ టవర్ లైను కింద చీకట్లో ట్యూబ్‌లైటు పట్టుకుంటే మసక మసగ్గా వెలుగుతుంది, ఏ తీగా తగిలించకుండానే. దాన్నీ నా గొట్టంతో చెప్పలేను.

మేనకోడలు: పిల్లల ముందు మాత్రం అనకండి, చేసి చూడబోతారు.

మామయ్య: అనను. ఇప్పుడు నేనడిగేదానికి నువ్వు చెప్పు. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ తెగింది. ఒక ఫేజు మీదున్న ఇంట్లో 2,000 వాట్ల గీజరు నడుస్తోంది. ఇంకో ఫేజు మీదున్న ఇంట్లో టీవీ, లైటు కలిపి 100 వాట్లు. మూడో ఫేజు మీద ఎవరూ లేరనుకో. ఎవరింట్లో ఏం జరుగుతుంది? నీ లాగుడూ నెట్టుడుతో చెప్పు చూద్దాం. ఊళ్లో టీవీలు కాలిపోయి జనం సబ్‌స్టేషన్ మీదికి వచ్చినప్పుడు నేను క్షేత్రాలూ బలాలూ చెప్పి తప్పించుకోలేను.

మేనకోడలు: న్యూట్రల్ తెగితే నక్షత్రబిందువు పొటెన్షియల్ జరుగుతుంది, దాంతో...

మామయ్య: జరుగుతుంది, ఎంత? ఎటు? నేను చెప్తా విను. తిరిగి వచ్చే దారి పోయింది. కాబట్టి ఒక ఫేజులో వచ్చింది రెండో ఫేజులోంచే పోవాలి. రెండిళ్లూ ఒకే వరసలోకి వచ్చాయి, వాటి మీద 400 వోల్టులు. గీజరు రెసిస్టెన్సు 26 ఓములు. టీవీ ఉన్న ఇంటిది 529. కలిపితే 555. 400ను భాగిస్తే ముప్పావు ఆంపియర్ కూడా లేదు, 0.72. అదే కరెంటు రెండిళ్లలోనూ పోవాలి. గీజరు ఇంట్లో 19 వోల్టులు, అది చల్లగా ఊరుకుంటుంది. టీవీ ఇంట్లో 381 వోల్టులు, టీవీ అయిపోయింది. పెద్ద లోడు ఉన్నవాడు బతికాడు, చిన్న లోడు ఉన్నవాడు నష్టపోయాడు. ఇది చెప్పడానికి నాకు కావాల్సింది ఒక్కటే మాట. వచ్చిందంతా పోవాలి, మధ్యలో మాయం కాదు, కొత్తగా పుట్టదు. గొట్టం నేర్పింది ఆ మాట. నీ కూలుంబ్ లెక్కతో మొదలుపెట్టిన పిల్ల ఈ జవాబుకు ఎప్పటికి చేరుతుంది?

(నేను ముందే చెప్పిన చోటు ఇదే. మేనకోడలు కాసేపు కాగితం మీద లెక్క సరిచూసుకుంది. తప్పేమీ దొరకలేదు, ఎందుకంటే అందులో తప్పు లేదు.)

మేనకోడలు: లెక్క పూర్తిగా సరైనదే. ఆవేశం పుట్టదు, పోదు అన్న నియమాన్ని పిల్లల చేతిలో పెట్టడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు, రేపటినుంచి ఇదే చెప్తాను. కిర్కాఫ్ 1845లో పెట్టిన మొదటి నియమం మీరు చెప్పిన మాటే. కానీ ఇందాక వాయిదా వేసిన ప్రశ్న మళ్లీ అడగాలి. రెండిళ్లలోనూ ఒకటే కరెంటు పోవాలని ఎలక్ట్రాన్లకు ఎవరు చెప్పారు? గీజరు ఇంటిలోంచి వస్తున్న ఎలక్ట్రాన్‌కు ముందు 529 ఓముల అడ్డు ఉందని ఎలా తెలిసింది?

మామయ్య: తెలియడమేమిటి, దారి ఒక్కటేగా.

మేనకోడలు: దారి ఒక్కటే అయినా, ఒక చివర ఎక్కువొచ్చి ఇంకో చివర తక్కువ పోవచ్చుగా. నిజానికి న్యూట్రల్ తెగిన ఆ మరుక్షణం సరిగ్గా అలాగే జరుగుతుంది. గీజరు వైపునుంచి ఎక్కువ వస్తాయి, టీవీ వైపు అన్ని పోలేవు. రెండూ కలిసే చోట పిసరంత ఆవేశం పోగుపడుతుంది. కూలుంబ్‌లో కోటో వంతులు. ఒక కూలుంబ్ 9 లక్షల టన్నులు కదా, ఈ పిసరు చాలు. వెనక వచ్చేవాటిని అడ్డుకుంటుంది, ముందు పోయేవాటిని తోస్తుంది. వచ్చేవీ పోయేవీ సమానమయ్యేదాకా పోగుపడుతుంది, సమానమవగానే ఆగిపోతుంది. కన్ను మూసి తెరిచేలోపు, అందులో లక్షో వంతు కూడా పట్టకుండా అయిపోతుంది. 400 వోల్టులను 19గా, 381గా పంచింది ఆ పిసరు ఆవేశమే. తీగ వంపు తిరిగినచోట ఎలక్ట్రాన్లను వంపు వెంట తిప్పేదీ అదే, తీగ పైపొర మీద చేరిన కొద్దిపాటి ఆవేశం. గొట్టానికి గోడ ముందే ఉంటుంది. తీగలో ఆ గోడను ఆవేశాలే, తమ మధ్య ఉన్న బలంతో, క్షణక్షణం కట్టుకుంటూ పోతాయి.

మామయ్య: అంటే వచ్చిందంతా పోవడానికి కారణం కూడా నీ బలమే అంటావు.

మేనకోడలు: ఆవేశం పుట్టదు, పోదు అన్నది ప్రకృతి నియమం. మధ్యలో నిలవ ఉండకుండా చూసేది మాత్రం బలమే. నీళ్ల బొమ్మలో ఈ రెండూ కలిసిపోయి, విడివిడిగా కనబడవు.

మామయ్య: సరే, ఇంకొకటి. బలం గాలిలోంచి వస్తుంది, శక్తి కూడా తీగలో కాదు, తీగ బయట పోతుందని ఎవరో అన్నారట కదా. అదీ పిల్లలకు చెప్తావా?

మేనకోడలు: పాయింటింగ్ 1884లో చెప్పాడు. శక్తి తీగల చుట్టూ ఉన్న విద్యుత్, అయస్కాంత క్షేత్రాల వెంట ప్రయాణిస్తుంది, తీగలు దానికి దారి చూపుతాయి. తీగ పక్కలనుంచి లోపలికి దిగిన భాగం వేడిగా పోతుంది. లావు తీగ వేసేది ఆ దిగే భాగం తగ్గడానికే. పదో తరగతిలో చెప్పను. కానీ రేపు ఇంజనీరింగులో ఈ మాట విన్నప్పుడు పదో తరగతి పాఠం చెరిపేసుకోవాల్సిన పని ఉండకూడదు. ఆవేశం, బలం అని మొదలుపెట్టినవాళ్లకు ఇది తరవాతి మెట్టు. గొట్టమని మొదలుపెట్టినవాళ్లు మళ్లీ కిందికి దిగి రావాలి.

మామయ్య: నువ్వు ఇంజనీరింగు చదివే పదిమందిని చూస్తున్నావు. ఐటీఐలో చేరి రేపు స్తంభం ఎక్కే ముప్పైమంది సంగతో? వాడికి ముందు లెక్క రావాలి. ఎంత లోడుకు ఎంత వైరు, ఏ ఫ్యూజు. 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్‌సీసీబీ ఇంట్లో ఎందుకు పెట్టాలి, వచ్చిందీ పోయిందీ సరిపోకపోతే అది ఎలా పసిగడుతుంది. ఇదంతా ప్రవాహపు లెక్కే. నువ్వు నెలరోజులు దువ్వెనలతో గడిపితే వాడు అప్పటికే బడి మానేస్తాడు.

మేనకోడలు: నెల అక్కర్లేదు, రెండు పీరియడ్లు. ఒక పీరియడ్‌లో బెలూను, దువ్వెన, కూలుంబ్ లెక్క ఒకటి. ఇంకోదాంట్లో గ్రాము రాగి లెక్క, ఎలక్ట్రాన్ అపసర వేగం. మూడోదాంట్లో బ్యాటరీ, బల్బు, ఓమ్ నియమం. స్తంభం ఎక్కబోయే ముప్పైమంది కోసమే ఆ మొదటి రెండూ కావాలంటున్నాను. ఫ్యూజు సైజు తక్కువైతే ఫ్యూజు పోతుంది. రాడ్డు ఎందుకో తెలియకపోతే మనిషే పోతాడు.

మామయ్య: న్యూట్రల్ లెక్క ఎప్పుడు?

మేనకోడలు: నాలుగో పీరియడ్. మీరే వచ్చి చెప్పండి. హెడ్మాస్టరుగారిని నేనడుగుతాను. ట్యాంకు బొమ్మ మాత్రం వెయ్యకండి.

మామయ్య: వేస్తాను. వేసి, ఇది ఎక్కడెక్కడ తప్పుతుందో మీరే చెప్పండని పిల్లల్నే అడుగుతాను. నువ్వు ముందు రెండు పీరియడ్లు సరిగ్గా చెప్పి ఉంటే వాళ్లకు తెలియాలి.